నడిమి నట్టు

కిరసనాయిలులో, ఇంజనులోంచి తీసేసిన నల్లనూనె సగానికి సగం కలిపి, మూత ఉన్న డబ్బాలో నాలుగు రోజులు ఉంచితే ఒక వాసన వస్తుంది. కమ్మగా ఉంటుందని అబద్ధం చెప్పను. ఆ వాసనతో ఇంటికి పోతే నా భార్య గుమ్మంలోనే చొక్కా విప్పిస్తుంది. ఈ పొద్దున చిక్కబళ్ళాపురంలో నా అంగడి వెనక, రేకుల కింద, తుప్పు పట్టిన ఒక నట్టు మీద పోద్దామని ఆ డబ్బా మూత తీశాను. తీసీ తీయకముందే, "చాల్లేప్పా, నట్టుకు తలంటు పోస్తాండావా ఏమి?" అని వెనకనుంచి ఎవరో అన్నట్టనిపించి, నిజంగానే తిరిగి చూశాను. గోడకు వేలాడుతున్న పాత రబ్బరు బెల్టులు తప్ప ఎవరూ లేరు. రవణమ్మ పోయి రెండేళ్ళు దాటింది. కానీ ఆ డబ్బా మూత కింద ఆమె ఇంకా ఉంది.

ఆమెను ఎరగనివాళ్ళకు ముందు ఆమె గుజరి గురించి చెప్పాలి. మా వైపు పాత ఇనుము, పాత బండ్లు కొని, భాగాలుగా అమ్మే చోటును గుజరి అంటారు. చింతామణి నుంచి బట్లహళ్ళి పోయే దారిలో, ఊరు దాటగానే, టమాటా పెట్టెలు పేర్చిన ఒక షెడ్డు పక్కన, రేకుల ప్రహరీ వెనక ఉండేది అది. లోపల పది పదిహేను కార్లు, రెండు టెంపోలు, ఎన్నో స్కూటర్లు. చక్రాలు లేనివి కొన్ని, తలుపులు లేనివి కొన్ని, ముక్కు చితికినవి కొన్ని. వాటి మధ్య, చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని, కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకుని, ఒక లారీ సీటు మీద కూర్చుని ఉండేది ఆమె. నేను మొదటిసారి చూసేనాటికే యాభై దాటి ఉంటాయి. భర్త పోయిన తర్వాత ఆయన స్పానర్లు తనే ఎత్తుకుందని, అప్పుడు నవ్విన మెకానిక్కులే తర్వాత ఆమె దగ్గరికి సలహాకు పోయేవారని చెప్పుకునేవారు.

ఆ గుజరిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. కావలసిన భాగాన్ని కొనేవాడే తన చేత్తో విప్పుకోవాలి, విప్పిన ప్రతి నట్టునూ మళ్ళీ దాని బోల్టుకే తిప్పి పెట్టాలి. ఇది మొదటిది. రెండోది, భాగం నేలమీదికి వచ్చి, తూకం ఎక్కేదాకా ధర మాట ఎత్తకూడదు. మొదటిది ఎవరికైనా కష్టం. రెండోది మాత్రం ప్రత్యేకంగా నన్ను ఏడిపించడానికే పెట్టినట్టు ఉండేది.

ఎందుకంటే మాది బాగేపల్లి, బజారువీధి. తాత బెల్లం, చింతపండు అమ్మాడు, నాన్న కిరాణా అమ్మాడు, నేను ఆ సరుకు మూటల మీదే నిద్రపోయి పెరిగాను. కావలసిన వస్తువు వైపు చూడకూడదని, దాన్ని అన్నిటికన్నా చివర, పోతూ పోతూ అడగాలని, మన సరుకులోని లోపం మన నోటితో ఎప్పుడూ చెప్పుకోకూడదని నాన్న నాకు అక్షరాలకంటే ముందే నేర్పాడు. బేరం నాకు తుమ్ములాంటిది, ఆపుకోలేను. పెళ్ళిచూపులకు పోయి, ముందు పెట్టిన కాఫీ చూసి, అలవాటు కొద్దీ "ఇంత పల్చగా ఉందేమి?" అనేశాను. లోపల అమ్మాయి వింది. పెళ్ళి అయింది గానీ, ఆ మాట మాత్రం నాకు ఈనాటికీ కాఫీతోపాటు వడ్డిస్తూనే ఉంది.

ఇరవై ఏళ్ళ కిందట, చుట్టుపక్కల పల్లెలకు అంగడి సరుకు వేసి రావడానికి ఒక పాత చిన్న కారు కొన్నాను. నీలం రంగుది. అమ్మినవాడు చెప్పిన ధరకు సగం అడిగాను. వాడు వెంటనే తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆ వేగానికి నేను భయపడాల్సింది, సంతోషించాను. వారం తిరక్కుండానే ముందు చక్రాలు గుంతలో పడ్డప్పుడల్లా ఎవరో అడుగునుంచి రోకలితో పొడిచినట్టు డబ్బుమని మోత. బాగేపల్లి మెకానిక్కు కారును రెండుసార్లు నొక్కి చూసి, "ముందర రెండు పక్కలా షాకులు పోయినాయి. కొత్తవి నువ్వు కొనవు, నాకు తెలుసు. చేలూరు మింద చింతామణికి పోయి రవణమ్మను అడుగు" అన్నాడు. తర్వాత ఎందుకో నవ్వుతూ, "ఆమె దగ్గర బేరం చేసి చూడు పో" అన్నాడు. ఆ మాట నాకు కుస్తీకి పిలిచినట్టు వినిపించింది.

నాన్న పాఠం ప్రకారం, నా అవసరం కనబడకూడదని, కారును గుజరికి వంద గజాల ఇవతలే ఆపి నడుచుకుంటూ పోయాను. రవణమ్మ ఒక కార్బురేటరును నోటితో ఊదుతోంది.

"పక్క అద్దం ఏమన్నా దొరుకుతాదా అమ్మా?" అన్నాను, ఆవులిస్తూ.

"దొరుకుతాది."

"తలుపు పిడి?"

"అదీ ఉండాది."

అలా హారను, వైపరు, సీటు గుడ్డ అన్నీ అడిగి, ఇక పోతానన్నట్టు రెండడుగులు వేసి, "ముందర షాకులట్లాంటివి ఉంటాయా? సుమ్నే, ఊరికే అడుగుతాండా" అన్నాను.

ఆమె కార్బురేటరు పక్కన పెట్టి కళ్ళజోడు ఎక్కించుకుంది. "నీ కారు ఆ మలుపులో గుంతలో పడినప్పుడే ఇన్నాను నాయనా. రెండు పక్కలా పోయుండాయి. షాకు కావల్సినోడివి వైపరు ఏల అడుగుతావు? ఎండలో అంత దూరం నడిసొచ్చినావు, నీళ్ళు తాగు ముందు."

నీళ్ళు తాగాను. చెంబు కింద పెడుతూ ధర అడిగాను. "విప్పినాక" అంది. సుమారుగా చెప్పమన్నాను. "విప్పినాక" అంది. ఒకటి తీసుకుంటే ఎంత, రెండు తీసుకుంటే ఎంత అన్నాను. ఆమె ఒక జాకీ, చక్రం పాన, నాలుగు స్పానర్లు నా కాళ్ళ దగ్గర పడేసి, మూలన ఉన్న ఎర్ర కారును చూపించింది. నా కారు లాంటిదే, వెనక నుంచి ఏదో గుద్ది నలిగిపోయినది. "ముందర అంతా బాగుండాది. పో, బేరమప్పా" అంది. ఆ పేరు నాకు ఆనాడు పెట్టిందే. చింతామణిలో కొందరికి ఈనాటికీ నా అసలు పేరు తెలియదు.

స్పానరు ఏ వైపు తిప్పాలో కూడా తెలియని మనిషిని నేను. ఆమె లారీ సీటు పక్కకు లాక్కుని కూర్చుని చెప్పింది, నేను చేశాను. కారును జాకీతో లేపి, జాకీని నమ్మకుండా కింద కట్టె దిమ్మలు పెట్టించింది. చక్రం ఊడదీయించింది. చక్రం వెనక నిలువుగా నిలబడి ఉంది ఆ షాకు, గుంతల దెబ్బను కాచేది: కింద నల్లటి గొట్టం, దాని చుట్టూ మందపాటి స్ప్రింగు, పైకొస కారు ఒంటిలోకి దూరి ఉంది. కింద దాన్ని పట్టుకున్నవి రెండు పెద్ద బోల్టులు. డబ్బాలోంచి ఆ నూనె నాలుగు చుక్కలు వాటి మీద వేయించి, "ఇంక కూర్చో. తుప్పుతో తొందర పడితే బోల్టు తెగుతాది" అంది. నేను కూర్చోలేదు, ఇంకో పావుడబ్బా నూనె పోశాను. అప్పుడే ఆ తలంటు మాట అంది.

తర్వాత బానెట్టు ఎత్తించింది. షాకు పైకొస అక్కడ ఇనప గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. చుట్టూ చిన్న నట్లు, నడిమధ్య ఒక పెద్ద నట్టు.

"చుట్టూ ఉండేవి విప్పు. ఈ నడిమి నట్టు మాత్రం ముట్టుకోవద్దు."

"ముట్టుకుంటే ఏమవుతాది?"

"లోపల స్ప్రింగు నలిగి కూర్చోనుండాది. దాన్ని పట్టుకోనుండేది ఈ నట్టొకటే. అది కూడా నీ మాదిరే, ఎప్పుడు సందు దొరుకుతాదా అని చూస్తాంటాది."

కుడి పక్కది విప్పడానికి మూడు గంటలు పట్టింది. అరచేతులు పొక్కాయి. ఆమె వాటిని తిప్పి చూసి, "బెల్లం తుంచి తుంచి ఇంత మెత్తగా అయినాయా ఇవి" అని నవ్వింది. బయటికి వచ్చిన బోల్టులను నేను పక్కకు విసరబోతే చెయ్యి పట్టుకుంది. "నట్టు దానికే పెట్టు. నీ తర్వాత ఇంకొకరు వస్తారు గదా. వాళ్ళు యాడ ఎతుక్కోవల్ల?" ఆ కారుకు ఎన్నటికీ సంబంధం లేని ఎవరికోసమో నేను నట్టు తిప్పి పెడుతూ, ఇందులో నాకు లాభమేమిటని నిజంగానే ఆలోచించాను. మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఒక రాగిముద్ద, ఆకుకూర ఉడికిన నీళ్ళతో కాచిన బస్సారు నాకూ పెట్టింది. ముద్ద తిన్న తర్వాత ఎడమ పక్కది గంటన్నరలో వచ్చేసింది. రెండూ నేలమీద పక్కపక్కన పడుకున్నాయి. జీవితంలో మొదటిసారి, అమ్మడానికి కాని వస్తువొకదాన్ని చూసి గర్వపడ్డాను.

ఆ గర్వం తూకం చూసేదాకానే. షెడ్డులో వేలాడుతున్న త్రాసును చూడగానే మూడు తరాల అంగడి నాలో లేచి కూర్చుంది. రవణమ్మ దగ్గర అన్నీ తూకానికే. నా కారులో పాడైంది నడిమి గొట్టం. స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మరి ఇంత మందపు స్ప్రింగులకు నేనెందుకు డబ్బివ్వాలి? అవి తీసేస్తే బరువు సగానికి సగం. పైగా తూకం ఎక్కేదాకా ధర లేదన్నది ఆమె కట్టుబాటే. దాని లోపలే ఆమెను ఓడించే దారి దొరికిందని మురిసిపోయాను. అప్పుడే గేటు దగ్గరికి ఇనుము తెచ్చిన టెంపో ఒకటి వచ్చి, ఆమె అటు పోయింది. నేను ఒక షాకును నేలమీద పడుకోబెట్టి, కాలితో తొక్కి పట్టి, నడిమి నట్టు మీద, నేర్చుకున్న పద్ధతి తప్పకుండా, నాలుగు చుక్కలు నూనె వేశాను. కాసేపు ఆగాను కూడా. స్పానరు పెట్టి వంగి తిప్పాను. నట్టు ఎంత సులువుగా తిరిగిందంటే, పాడు తుప్పు కూడా ఈ రోజు నా పక్షమే అనుకున్నాను.

ఆమె అరవలేదు. అరిస్తే నేను తల ఎత్తేవాణ్ణి, నా మొహం సరిగ్గా దానికి ఎదురుగా ఉండేదని తర్వాత చెప్పింది. పరుగెత్తుకొచ్చి, ఒక చేత్తో నా భుజాన్ని తోసి, కాలితో షాకును అవతలికి తన్నింది. అదే క్షణంలో నట్టు ఊడింది. తుపాకీ పేలినట్టు మోత. పైన ఉన్న ఇనప గిన్నె ఎదురుగా ప్రహరీ రేకును చీల్చుకుని టమాటా పెట్టెల్లో పడింది. స్ప్రింగు నేలమీద ఎగిరి, పక్కకు తిరిగి, ఆమె కుడి మణికట్టును కొట్టింది. నాకు మోచేతి మీద గీత కూడా పడలేదు. ఆమె నేలమీద కూర్చుని, చేతిని ఒళ్ళో పెట్టుకుని, నన్ను కాక, పక్కన పడి ఉన్న నట్టును చూసింది.

"చెప్పినాను గదప్పా" అంది, అంతే.

నా కారులోనే ఆస్పత్రికి తీసుకుపోయాను. చింతామణి దారిలో గుంతలెన్ని ఉన్నాయో ఆ రోజు తెలిసింది. ఒక్కొక్క గుంతకూ నా కారు డబ్బుమంటుంటే, ఒక్కొక్క డబ్బుకూ ఆమె పళ్ళు బిగించేది. నేను స్టీరింగు పట్టుకుని ఏడుస్తున్నాను. సగం దారిలో ఆమె కళ్ళు మూసుకునే, "ఏడిస్తే దారి కనపడదు. ఇప్పుడన్నా తెలిసిందా, షాకు ఏ పని చేస్తాదో" అంది. అంత నొప్పిలోనూ నన్ను నవ్వించాలని చూసిందని నాకు అర్థమయ్యేసరికి ఆస్పత్రి వచ్చేసింది. మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు అన్నారు.

నిజం చెప్పాలి. అప్పుడు నాలో పని చేసింది మనసు కాదు, బేరమే. ఆస్పత్రి ఖర్చు పెట్టుకుని, ఎవరో ఒక కూలి మనిషిని ఆమె దగ్గర పెట్టి, బాగేపల్లికి తిరిగి పోదామనుకున్నాను. ఆ మాటే అన్నాను. ఆమె జవాబు చెప్పకముందే ఆమె మరిది వచ్చాడు. బట్లహళ్ళిలో సేద్యం ఆయనది. చెడ్డవాడు కాదు, కానీ వదిన ఈ ఇనుములో బతకడం ఆయనకు మొదటినుంచీ నామోషీ.

"ఎట్లయింది వదినా?"

"స్ప్రింగు తగిలింది."

"ఇంక చాలు. ఆ జాగాను టమాటా వ్యాపారస్తులు అడుగుతాండారు. అమ్మేసి ఇంటికొచ్చి కూర్చో. ఈ చేత్తో గుజరి ఎట్ల నడిపిస్తావు? చేతులు యాడుండాయి నీకు?"

రవణమ్మ కట్టు లేని ఎడమ చేత్తో నా వైపు చూపించింది. "అదో, చేతులు."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

మరుసటి రోజు నుంచి పోయాను. అంగడిని తమ్ముడికి అప్పజెప్పి, పొద్దున మొదటి బస్సుకు చేలూరు మీదుగా చింతామణికి, సాయంత్రం బస్సుకు వెనక్కి. నాన్నకు నాలుగు రోజులు అర్థం కాలేదు, అయిదో రోజు, "వాళ్ళ దగ్గర ఏమి కొంటాండావురా నువ్వు?" అన్నాడు. అలా అడగడం తప్ప ఆయనకూ వేరే దారి లేదు. గుజరిలో ఆమె లారీ సీటు మీద కూర్చుని చెప్పేది, కొనేవాళ్ళు విప్పుకునేవారు, వాళ్ళు చేయలేనిది నేను చేసేవాణ్ణి. మొదటి పనిగా, మిగిలిన ఒక మంచి షాకును నా కారుకు నాచేతే బిగించించింది. రెండోదానికి ఇంకో నలిగిన కారు వచ్చేదాకా పది రోజులు ఆగాను. ఒకవైపు మెత్తగా, ఒకవైపు డబ్బుమంటూ ఆ పది రోజులూ కారు కుంటిది అయింది. "నీ మాదిరే సగం బాగుపడింది" అంది రవణమ్మ.

మూడో వారంలో ఒక మాట నా చెవిన పడింది. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఇద్దరు మెకానిక్కులు నవ్వుకుంటున్నారు. "రవణమ్మకు వయసైపోయిందబ్బా. బిగువుగా ఉండే స్ప్రింగు మింద నడిమి నట్టు విప్పిందంట. మొన్న పనిలో చేరినోడు కూడా చేయడు అట్లాంటి పని." ఎవరు పుట్టించారో తెలియదు. రేకు చిరిగింది, షాకు తెరుచుకుని పడి ఉంది, చెయ్యి విరిగింది ఆమెది. చూసినవాళ్ళు మిగిలిందంతా తామే అల్లుకున్నారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. టీ గ్లాసు పట్టుకుని అక్కడ కూడా చెప్పలేదు. మన సరుకులో లోపం మన నోటితో చెప్పకూడదు గదా.

గుజరికి పోయి ఆమెను అడిగాను. "ఊళ్ళో ఏమనుకుంటాండారో తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పకూడదా?"

"ఏమని చెప్పేది? ఇప్పుడిప్పుడే స్పానరు పట్టుకుంటాండావు. నీ పేరు చెప్తే ఎవరన్నా నిన్ను కారు ముట్టనిస్తారా?" ఒక ఆవుపేడ మరక కడిగేసినంత మామూలుగా అంది. తర్వాత కొనడానికి వచ్చినవాడి వైపు తిరిగి, "అట్ల కాదప్పా, ఎడమ పక్కకి తిప్పు" అంది. వాడు ఆమె మాట వినకుండా నన్ను చూశాడు, ఆమె చెప్పింది సరైనదేనా అని. ఆమె కూడా అది చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది. చెయ్యి విరిగిన రోజున కూడా నేను ఆమె మొహంలో ఆ చూపు చూడలేదు.

ఆ శనివారం మరిది ఇద్దరు వ్యాపారస్తులను వెంటపెట్టుకుని వచ్చాడు. జాగా చూశారు, కొలుచుకున్నారు. గేటు దగ్గర నలుగురైదుగురు మెకానిక్కులు, భాగాల కోసం వచ్చినవాళ్ళు ఉన్నారు. మరిది మెల్లగానే అన్నాడు, "వదినా, కోపం చేసుకోవద్దు. ఇన్నేళ్ళు నడిపినావు, మెచ్చుకోవల్ల. కానీ నడిమి నట్టు విప్పే కాడికి వచ్చినావంటే, కన్ను, బుద్ధి రెండూ అలిసిపోయినట్టే గదా. రేపు ఇంకొకరికి తగిలితే?" రవణమ్మ నేలను చూస్తోంది. ఆమె నోరు తెరవదని నాకు తెలుసు. తెరిస్తే నా పేరు చెప్పాలి.

"నేను విప్పినాను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మరిది తిరిగి చూశాడు. ఆగితే మళ్ళీ చెప్పలేనని, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "ఆమె వద్దని చెప్పింది. ఏల అని అడిగితే అదీ చెప్పింది. తూకం తగ్గుతాదని స్ప్రింగు తీసేద్దామని నేనే, ఆమె అటు పోయినప్పుడు విప్పినాను. నా మొహానికి తగలాల్సింది ఆమె చేతికి తగిలింది. బుద్ధి లేనిది నాకు, ఆమెకు కాదు."

ఒక మెకానిక్కు ఫక్కున నవ్వాడు. "తూకం తగ్గుతాదనా! స్ప్రింగు బరువు మిగులుతాదని!" అంతే, గేటు దగ్గర అందరూ నవ్వారు. బాగేపల్లి అంగడివాడు నాలుగు కిలోల కోసం తల పోగొట్టుకోబోయాడని ఆ సాయంత్రానికి చింతామణి అంతా తెలిసింది. నేను తల దించుకుని నిలబడి ఉంటే, రవణమ్మ మాత్రం తల ఎత్తింది. మరిదిని చూసి, "జాగా అమ్మేది లేదప్పా. వీళ్ళకు నీళ్ళిచ్చి పంపు" అంది. మరిది నన్నొకసారి చూసి, తనే వంగి చెంబు అందుకున్నాడు.

సాయంత్రం నేను బస్సుకు బయలుదేరుతుంటే, "రేపు బేగ రా. ఆ టెంపో ముందరి భాగమంతా నువ్వే విప్పల్ల. నేను పక్కన కూర్చోను, గేటు దగ్గరుంటాను" అంది. ఆమె చూడకుండా నన్ను పని చేయనివ్వడం అదే మొదలు.

కట్టు విప్పాక ఆ మణికట్టు కొంచెం పక్కకు తిరిగే ఉండిపోయింది. స్పానరు ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుని, ఇంకో పదహారేళ్ళు నడిపింది గుజరిని. నేను కిరాణా వదిలి, పాత కార్ల భాగాల అంగడి చిక్కబళ్ళాపురంలో పెట్టుకున్నాను. నెలకు రెండుసార్లు సరుకు కోసం ఆమె దగ్గరికి పోయేవాణ్ణి. విప్పేవాణ్ణి, తూకం వేసేవాణ్ణి, అప్పుడు మొదలయ్యేది బేరం. పాత స్టీరింగు పెట్టె ఒకదాని మీద మేము మధ్యాహ్నం నుంచి రాగిముద్ద చల్లారేదాకా కొట్లాడుకున్న రోజు ఉంది. ఆమె చెప్పిన ధరకు నేను గుండె పట్టుకునేవాణ్ణి. నేను చెప్పిన ధరకు ఆమె తన వంకర మణికట్టు ఎత్తి చూపించేది. ఆ చెయ్యి చూపించిందంటే నేను ఓడిపోయినట్టే. అది న్యాయం కాదని ప్రతిసారీ అనేవాణ్ణి. "నువ్వు నాకు నేర్పించిన బేరమే" అనేది.

ఒంట్లో బాగాలేక గుజరి తనంతట తనే మూసేసి, బట్లహళ్ళిలో మరిది ఇంట్లో ఉంది చివరి ఏడాది. కబురంపితే పోయాను. మంచం మీద సగానికి సగమైపోయి ఉంది. మంచం కింద నుంచి స్పానర్ల పెట్టె లాగమంది. భర్తవి, తర్వాత తనవి, ఆరు వారాలు నావి. "కొంటావా?" అని ఒక ధర చెప్పింది.

జేబులో చెయ్యి పెట్టాను. "సరేనమ్మా" అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "డాక్టరు నీకేమన్నా చెప్పినాడా?" అంది.

"లేదే."

"మరి సరే అంటావేల? నేను అప్పుడే పోయినానా?"

అప్పుడు అర్థమైంది నేనేమి చేశానో. పెట్టెను నేలమీదికి లాగాను. ఒక్కొక్క స్పానరూ తీసి వెలుతురుకు పట్టి చూశాను. "ఇది నోరు అరిగిపోయుండాది. దీనికి వంపు. ఈ పెట్టెకు తాళం లేదు. ఈ తుప్పుకు నువ్వే నాకు ఎదురు డబ్బివ్వల్ల" అంటూ, ఆమె చెప్పినదాంట్లో మూడో వంతు అడిగాను. రవణమ్మ మోచేతుల మీద లేచి కూర్చుంది. "మూడో వంతా! మీ నాయన కూడా ఇంత సిగ్గులేకుండా అడగడు!" అంది. మరిది భార్య పరుగెత్తుకొచ్చింది, గొడవేమోనని. మేము వదల్లేదు. కాఫీ వచ్చింది, చల్లారింది. నేను రెండుసార్లు లేచి గుమ్మందాకా పోయి తిరిగొచ్చాను. చివరకు ఆమె ఆ మణికట్టును దుప్పటిలోంచి మెల్లగా బయటికి తీసి, నా ముందు పెట్టింది. పళ్ళు కనబడేలా నవ్వుతోంది.

ఆమె చెప్పిన ధరే ఇచ్చాను.

ఈ పొద్దున అంగడి వెనక నేను విప్పుతున్నది కూడా ఒక పాత కారు ముందరి షాకే. దాన్ని కొనడానికి వచ్చినాయన పక్కనే నిలబడి, "మొత్తం ఎందుకు సార్, నడిమి నట్టు విప్పి స్ప్రింగు ఇక్కడే వదిలేయండి, ధర తగ్గుతుంది గదా" అన్నాడు. నాకు భలే సంతోషమైంది, చుట్టాన్ని చూసినట్టు. ఆయనకు ముందు నీళ్ళిచ్చాను. నడిమి నట్టు ముట్టుకోకుండా, షాకును గోడ వైపు తిప్పి పడుకోబెట్టాను. దాన్ని పట్టి ఉంచిన రెండు పెద్ద బోల్టులు చేతిలో ఉన్నాయి. వాటి నట్లు వాటికే తిప్పి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఆ కారు రంధ్రాల్లోనే పెట్టాను. అప్పుడు ఆయన ధర అడిగాడు. "తూకం కానీండి" అన్నాను.

"సుమారుగా?" అన్నాడాయన, ఆవులిస్తూ.